గెలిచినోళ్ళదే గది

ఫరా ఆ ఇంటికి కోడలై వచ్చిన మొదటి ఎండాకాలంలోనే తోడికోడలు సైదాబీకీ ఆమెకీ చెడింది. చెడింది వెనకగది గురించి.

గురజాలలో మాచర్ల రోడ్డు పక్కన సైదాబీ భర్త సత్తార్ ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు నడుపుతాడు. దాని వెనకే ఇల్లు. ముందు రెండు గదులకీ రేకులు, వెనకగది ఒక్కదానికే స్లాబు. సత్తార్ తండ్రి పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు ఆయన కోసం ఆ గదిలో ఏసీ పెట్టించారు. ఆయన పోయాక అది అక్కడే ఉండిపోయింది. ఇంకొకటి బిగిద్దామంటే ఇంటి లైను మోయదని కరెంటోళ్ళు తేల్చేశారు.

అత్త గుల్జార్ బేగానికి ఏసీ గాలి పడదు, మోకాళ్ళు పట్టేస్తాయి. వరండాలో నవారు మంచం వేసుకుని, సైదాబీ కూతురు నస్రీన్‌ని పక్కలో పడుకోబెట్టుకుంటుంది. ఇక గది కావలసింది రెండు జంటలకి. పెద్దకొడుకు సత్తార్, అతని భార్య సైదాబీ ఒక జంట. చిన్నకొడుకు మోయిన్, ఫరా ఇంకో జంట. మోయిన్ సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర పని చేస్తాడు. ఫరా మాచర్ల పిల్ల. ఆ ఏప్రిల్‌కి ఆమెకి ఆరోనెల.

మొదట అత్త వంతులు వేసింది. ఒక రోజు పెద్దవాళ్ళు, మర్నాడు చిన్నవాళ్ళు. కానీ ఎండలు ముదిరేకొద్దీ కరెంటు ఇష్టమొచ్చినట్టు పోసాగింది. మా వంతునాడు కరెంటు లేదు కాబట్టి ఇవాళ కూడా మాదే అంటుంది సైదాబీ. పోయింది గంటే కదా అంటాడు మోయిన్. గంటో రెండు గంటలో, నిద్ర పోయిందిగా అంటుంది ఆమె. రోజూ పొద్దుగూకేసరికి ఇదే గొడవ.

కడుపుతో ఉన్నది తను కాబట్టి గది తనకే వదిలేస్తారని ఫరా ఎదురుచూసింది. ఎవరూ ఆ మాట ఎత్తకపోయేసరికి ఒకరోజు తానే వంటింట్లో అడిగింది.

"అక్కా, రేకుల కింద నాకు ఊపిరి ఆడట్లా. వానలు పడిందాకా ఆ గది మాకు వదిలెయ్యి."

సైదాబీ ఉల్లిపాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "నా పిల్లకి ఒళ్ళంతా చెమటకాయలు. దాన్ని లోపల పడుకోబెట్టాల."

"నస్రీన్ అత్తమ్మ కాడేగా పడుకునేది?"

"ఇయ్యాల్టి నుంచి పడుకోదు."

"ఏందక్కా నువ్వు మాట్లాడేది? ఆరోనెల నాకు. నీకు మనసనేది లేదా?"

"ఉండేది. అయిపోయింది."

గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న గుల్జార్ బేగం కల్పించుకుంది. "ఏమే సైదా, కడుపుతో ఉన్న పిల్ల గదే..."

సైదాబీ కత్తిపీట మీద నుంచి తల తిప్పి అత్త వైపు చూసింది. అంతే, ముసలామె ఆ మాట అక్కడే ఆపేసి మళ్ళీ చింతపండులో చేతులు పెట్టింది. ఊళ్ళో ఎవరికీ లొంగని అత్త, ఈ ఒక్క మనిషి దగ్గర ఎందుకు నోరు కట్టేసుకుంటుందో ఫరాకి అర్థం కాలేదు. అడగాలని కూడా అనిపించలేదు. ఆమెకి అప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

ఆ సాయంత్రం మోయిన్ డ్యూటీ నుంచి వస్తూ పేకముక్కల కట్ట తెచ్చాడు.

"రోజూ ఈ పంచాయితీ ఎందుకు? గాడిద ఆట ఆడదాం. ఎవరి చెయ్యి ముందు ఖాళీ అయితే ఆ రోజుకి వాళ్ళ జంటది గది" అన్నాడు.

"పేకముక్కలు ఇంట్లోకి తెచ్చావేందిరా! బర్కతు పోద్ది, ఇంటికి కలిసిరాదు" అని గుల్జార్ బేగం కేకలేసింది.

"పందెం కాస్తన్నామా ఏంది అమ్మా? చిన్నపిల్లకాయలు ఆడుకునేదే."

మోయిన్ లెక్క ఫరాకి తెలుసు. ఫ్యాక్టరీలో లారీలు రాని వేళల్లో అతను రోజూ ఆడే ఆట అది. ఫరా కూడా మాచర్లలో సెలవులంతా పెదనాన్న పిల్లలతో ఆడుతూ పెరిగింది. అవతల సత్తార్‌కి స్పానర్లు తప్ప ఏమీ తెలియవు. సైదాబీ పేకముక్క ముట్టుకోవడం ఎవరూ చూడలేదు.

సైదాబీ చేతులు కడుక్కుని వచ్చింది. "గెలిచినోళ్ళదే గది. తర్వాత ఏడుపులు ఉండకూడదు."

"ఉండవు" అంది ఫరా.

పొద్దుగూకినాక మగ్రిబ్ నమాజు అయ్యాక ముందు గదిలో చాప పరిచారు. మోయిన్, అతని పక్కన సైదాబీ, తర్వాత ఫరా, ఆ తర్వాత సత్తార్. పేకంతా నలుగురికీ పంచేశారు. ఆట కష్టమైనదేమీ కాదు. ఒకరు ఒక రంగు ముక్క వేస్తే మిగతావాళ్ళు అదే రంగు వెయ్యాలి. అందరూ వేస్తే ఆ ముక్కలు పక్కకి పోతాయి, అందులో పెద్ద ముక్క వేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెడతారు. ఆ రంగు చేతిలో లేనివాళ్ళు వేరే రంగుతో కోత వేస్తారు. కోత పడిందా, కింద ఉన్నవన్నీ అప్పటిదాకా పెద్ద ముక్క వేసినవాళ్ళు ఎత్తుకోవాలి. చెయ్యి ఖాళీ అయినవాళ్ళు బయటపడ్డట్టే. చివరిదాకా ముక్కలు మోసేవాడు గాడిద.

పిల్లలు ఆడితే నవ్వులతో ఇల్లెగిరిపోయే ఆట. ఆ చాప మీద మొదటి రోజే నవ్వు లేదు. సైదాబీ ముక్కలు సర్దుకున్న తీరు చూసి మోయిన్ మొహం మారింది. రంగుల వారీగా, ఒక్క చేత్తో, క్షణంలో విసనకర్రలా విప్పింది. పుట్టిల్లు పెదకూరపాడులో ఆమెకి అన్నలు ఎక్కువ. పత్తి తీతలయ్యాక వాళ్ళింటి పంచలో జరిగే ఆటకి మనిషి తక్కువైతే చెల్లెల్ని కూర్చోబెట్టుకునేవాళ్ళని ఆ ఇంట్లో సత్తార్‌కి కూడా తెలియదు.

ఫరా ఇస్పేటు రాణి వేసింది. సత్తార్ చిన్నది వేశాడు, మోయిన్ చిన్నది వేశాడు. సైదాబీ కళావరు వేసి కోసింది.

"ఎత్తుకో" అంది.

ఆ ఒక్క మాటే. ఆట అయ్యేలోపు ఆ మాట ఫరా ఎన్నిసార్లు విందో. చేతిలో ముక్కలు పట్టనన్ని అయ్యాయి. సైదాబీ చెయ్యి ఖాళీ చేసుకుని, లేచి, దిండు చంకలో పెట్టుకుని వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. చెమటకాయల నస్రీన్ మాత్రం ఎప్పటిలా నానమ్మ పక్కలోనే పడుకుంది. అది ఫరా చూసింది.

అప్పటి నుంచి ఆట రోజూ సాగింది. ఆట చుట్టూ ఇంట్లో మిగతావన్నీ కూడా ఆటలాగే అయిపోయాయి. కూరలో కారం ఫరా నోరు కాలేటట్టు పడేది. "మా వైపు ఇంతే వేస్తాం" అనేది సైదాబీ. ఒకరోజు సాయంత్రం గాలిదుమారం లేస్తే సైదాబీ దండెం మీద నుంచి తన ఇంటిల్లిపాది బట్టలు తీసుకుని, ఫరా చీరలు మాత్రం వదిలేసి లోపలికి వచ్చింది. ఎర్రదుమ్ము పట్టిన ఆ చీరల్ని ఫరా బకెట్లో నానబెట్టి, ఆ బకెట్టు తీసుకెళ్ళి సైదాబీ పాలు కాచుకునే పొయ్యి గట్టు మీద పెట్టింది. సైదాబీ బకెట్టు తీసి పెరట్లో కుమ్మరించింది, చీరలతో సహా.

ఆటలో గెలవడానికి మోయిన్, ఫరా సైగలు పెట్టుకున్నారు. చెవి గోక్కుంటే ఇస్పేటు లేదని, ముక్కు రుద్దుకుంటే డైమను లేదని. రెండు రోజులు బాగానే జరిగింది, గది వాళ్ళకి వచ్చింది. మూడోరోజు మోయిన్ చెవి మీద చెయ్యి వేయగానే సైదాబీ తాపీగా అంది:

"ఏంది మోయినూ, చీమ దూరిందా చెవిలో? మొన్నట్నుంచి గోక్కుంటన్నావు."

అని, తనకి ఆడే వంతు వచ్చినా ఇస్పేటు జోలికే పోలేదు. మోయిన్‌కి కోత వేసే సందు దొరకలేదు. అతని చేతిలో ముక్కలు అలాగే ఉండిపోయాయి. ఆ రోజు గాడిద అతనే. సత్తార్ ఎందుకో నవ్వబోయి, భార్య మొహం చూసి ఊరుకున్నాడు.

గది గెలిచిన రోజుల్లో ఫరా చల్లగా పడుకుని, ముందు గదిలో సైదాబీ దొర్లుతున్న చప్పుడు వినాలని చెవి ఒగ్గేది. ఒకసారి తానే ఆమెని కోసి, ఆమె గొంతుతోనే "ఎత్తుకో అక్కా" అంది. సైదాబీ ఎత్తుకుంది. మొహంలో ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చూసి ఫరాకి ఇంకా కోపం వచ్చింది. ఇంత కసి ఉన్న మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. తన కడుపు చూసి ఓర్వలేకపోతోందా అనుకుంది. కానీ ఓర్వలేకపోవడానికి ఆమెకి ఏం తక్కువ? కూతురు ఉంది, మొగుడు చెప్పినట్టు వింటాడు, ఇల్లు ఆమె చేతి మీదుగానే నడుస్తుంది. మరి ఎందుకు?

మే నెల నడిమికి వచ్చేసరికి మనుషులు పగలు వీధిలోకి రావడం మానేశారు. షెడ్డులో సత్తార్ ఇనప సామాను ముట్టుకోవాలంటే తడిగుడ్డ చుట్టుకుంటున్నాడు. ఫరాకి ఏడోనెల. కాళ్ళు వాచాయి, చెప్పులు పట్టడం లేదు. నరసరావుపేట డాక్టరమ్మ దగ్గరికి సత్తారే కారు మాట్లాడి తీసుకెళ్ళాడు, మోయిన్‌కి సెలవు దొరక్క. సైదాబీ కూడా వెంట వెళ్ళింది, అత్త బలవంతం మీద. నీళ్ళు బాగా తాగాలి, చల్లని చోట ఉండాలి, ఈ ఎండ తగలకూడదు అంది డాక్టరమ్మ.

ఇక ఇవాళ ఆట ఉండదని ఫరా అనుకుంది. చీకటి పడగానే సైదాబీ చాప పరిచింది.

"ఇంకా ఆడాలా?" అన్నాడు మోయిన్.

"ఏడుపులు ఉండవన్నారు" అంది సైదాబీ, ముక్కలు కలుపుతూ.

ఫరా కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంది. "పంచు" అంది. అడుక్కోవడం కంటే ఓడిపోవడమే నయం అనిపించింది ఆమెకి.

ఆట గట్టిగా సాగింది. ఎవరి గొంతూ లేవలేదు, ముక్కలు చాప మీద పడుతున్న చప్పుడు తప్ప. చివరికి సైదాబీ చేతిలో రెండు ముక్కలు మిగిలాయి. మోయిన్ ఆటీను నాలుగు వేశాడు. సైదాబీ ఆటీను రాజు వేసింది. ఫరా ఆరు వేసింది. సత్తార్ కూడా ఆటీను వేస్తే ఆ ముక్కలు పక్కకి పోతాయి, పెద్ద ముక్క సైదాబీది కాబట్టి ఆమే మళ్ళీ మొదలుపెడుతుంది, చేతిలోని ఆ ఒక్కటీ వేసేస్తే గది ఆమెది.

సత్తార్ చాలాసేపు ముక్కల్లోకి చూశాడు. కళావరు ఏడు తీసి కింద వేశాడు. కోత.

ఫరా ఊపిరి వదిలింది. సైదాబీ ఎత్తుకోవాలి. ఆమె చెయ్యి ముక్కల మీదికి వెళ్ళి ఆగిపోయింది.

"ఆటీను తొమ్మిది పడలేదు" అంది. "మిగతావన్నీ పడినయ్. తొమ్మిది ఎవరి కాడుంది?"

ఫరా తన ముక్కలు చూసుకుంది, లేదు. సైదాబీ మోయిన్ మొహం చూసింది, ఫరా మొహం చూసింది. సత్తార్ చాప అల్లిక చూస్తున్నాడు. ఆమె అతని చేతి మణికట్టు పట్టుకుని తిప్పింది. గ్రీజు మరకల వేళ్ళ మధ్య ఆటీను తొమ్మిది కనిపించింది.

"నా వైపోడివి" అంది సైదాబీ. "రంగు చేతిలో పెట్టుకుని నన్నే కోశావా?"

సత్తార్ తల ఎత్తలేదు. "ఆ పిల్ల కాళ్ళు చూడు సైదా. డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావుగా. నాకు చూడబుద్ధి కాలా."

"చూడబుద్ధి కాలేదా?" ఆమె అతని మణికట్టు ఇంకా వదల్లేదు. "నా కాళ్ళు వాచినప్పుడు నీకు కళ్ళు లేవా?"

వరండాలో నుంచి గుల్జార్ బేగం గొంతు వినిపించింది. "సైదా, అయిపోయినయ్యి ఇప్పుడెందుకు తవ్వుతావే?"

"మీరు మాట్టాడబాకండి అత్తమ్మా."

ఆ ఇంట్లో అత్తని అంత మాట అన్నవాళ్ళు లేరు. మంచం కిర్రుమంది.

"ఏంది అయిపోయింది?" అంది ఫరా. "నాకు ఎవరూ ఏమీ చెప్పలేదే."

సైదాబీ ఆమె వైపు తిరిగింది. ఆమె చెప్పిన తీరు కష్టం చెప్పుకున్నట్టు లేదు, తిడుతున్నట్టే ఉంది.

"నస్రీన్ కంటే ముందు నాకో కాన్పు. ఇట్టాగే మే నెల, ఇట్టాగే ఏడోనెల. మామయ్య పోయినాక ఆ గది ఖాళీగా ఉంది. నన్ను పడుకోనిమ్మని నేను నోరు తెరిచి అడగలా, కొత్త కోడల్ని, సిగ్గు. నీ మొగుడికి బ్యాంకు పరీక్షంట. చదువుకునే పిల్లోడు, కొన్నాళ్ళు ఓర్చుకోవే అంది మీ అత్త. ఈయన ఊఁ అన్నాడు. ఓర్చుకున్నా. ఇదే గదిలో, ఈ రేకుల కిందే. ఒకరోజు మజ్జానం కళ్ళు తిరిగితే, గోడ పట్టుకుని పోయి ఆ తలుపు కొట్టినా. లోపల్నుంచి ఏమన్నాడో అడుగు నీ మొగుణ్ణి."

ఫరా మోయిన్ వైపు చూసింది.

"నాకు గుర్తు లేదు వదినా" అన్నాడు అతను.

"నాకుంది. 'చల్లగాలి పోద్ది వదినా, తర్వాత రా' అన్నావు. తర్వాత నన్ను మోసుకుపోయి ఆటోలో ఎక్కించారు. నరసరావుపేట పోయేసరికి ఉమ్మనీరు ఇంకిపోయిందన్నారు. పిల్లోడు..." అక్కడ ఆగింది. "నువ్వు ఆ పరీక్ష కూడా పాసు కాలా."

మోయిన్ ముక్కలు చాప మీద బోర్లించాడు. వీధిలో లారీ ఒకటి పోతే రేకులు అదిరాయి.

ఫరాకి ఏడుపు రాలేదు. నెల రోజులుగా మింగిన కారం, దుమ్ము పట్టిన చీరలు, 'ఎత్తుకో' అన్న ఆ మాట, అన్నీ గొంతులోకి వచ్చాయి.

"దానికి నేనేం చేశానక్కా? అప్పుడు నేను ఈ ఇంట్లోనే లేను. వీళ్ళ మీద కోపం నా మీద తీర్చుకుంటన్నావా?"

"అవును."

"నా తప్పు లేదని నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసి కూడా?"

"తెలిసి కూడా" అంది సైదాబీ. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. "తప్పు కోత వేసినోళ్ళు ఎత్తుకోవాల. ఎత్తుకో."

సత్తార్ ముక్కలన్నీ ఎత్తుకున్నాడు. సైదాబీ తన చేతిలో మిగిలిన ఒక్క ముక్కనీ చాప మధ్యలో పెట్టింది. అదేమిటో ఎవరూ చూడలేదు.

ఆమె లేచి నిలబడింది. ఎప్పటిలా దిండు అందుకోలేదు. "ఫరా, పోయి లోపల పడుకో" అంది.

"నీ దానం నాకొద్దు."

"దానం కాదు. గెలిచిన గది. అందులో ఎవర్ని ఉంచాల్నో, ఎవర్ని ఉంచకూడదో నా ఇష్టం. నువ్వు ఉండు. వాడు మాత్రం ఆ గడప తొక్కకూడదు. వానలు పడిందాకా రేకుల కిందే."

"మొగుడూ పెళ్ళాల్ని విడదీస్తావా?" అని వరండాలో నుంచి గుల్జార్ బేగం అరిచింది.

మోయిన్ లేచి ఫరా భుజం పట్టుకున్నాడు. "రా, మన గదిలోకి పోదాం. ఆమె ముష్టి మనకెందుకు?"

ఫరా అతని వైపు చూసింది. వెనకగదిలో మంచం మీద, గుండెల మీద పుస్తకం బోర్లించుకుని, తలుపు కొట్టిన చప్పుడుకి బద్ధకంగా కళ్ళు తెరిచిన కుర్రాడు ఆమెకి కనిపించాడు. ఆ కుర్రాణ్ణి పోల్చుకోవడానికి ఆమెకి ఏమీ కష్టం కాలేదు. తను నీళ్ళ బిందె దింపమని అడిగినా, కాళ్ళు పట్టేశాయని చెప్పినా, అతని దగ్గర్నుంచి వచ్చేది ఆ మాటే. తర్వాత.

భుజం మీది చెయ్యి తీసేసింది. గోడ పట్టుకుని లేచి, సైదాబీ పక్కనుంచే, ఆమె మొహం చూడకుండా నడిచి వెనకగదిలోకి వెళ్ళింది. గడియ వేసుకుంది. అన్నాలయ్యాక మోయిన్ తలుపు తట్టాడు. ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా. ఆమె తియ్యలేదు.

సైదాబీ కోసం తియ్యకపోవడం కాదది. సైదాబీ మీద కోపం ఆమెకి అలాగే ఉంది.

ఆ తర్వాత పేక ఎవరూ ముట్టుకోలేదు. మోయిన్ రేకుల కింద తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. వారం తిరిగేసరికి వీపంతా చెమటకాయలు. ఒకరోజు పొద్దున వంటింట్లోకి వచ్చి సైదాబీ వెనక నిలబడి, "వదినా, తప్పయిపోయింది" అన్నాడు.

"జరుగు. పొయ్యి కాడ అడ్డం" అంది ఆమె.

గుల్జార్ బేగం మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. "నేను కావాలని చేశానా? నా మనవడు కాదా వాడు?" అని వరండాలో కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అంది. సైదాబీ కంచం తెచ్చి ముందు పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, వెళ్ళిపోయింది. అత్తమ్మా అని పిలవడం మానేసింది. సత్తార్ షెడ్డులోనే ఎక్కువసేపు ఉంటున్నాడు.

ఫరా సైదాబీతో మాట్లాడలేదు. సైదాబీ కూడా మాట్లాడించలేదు. కానీ కూరలో కారం తగ్గింది. ఫరా అది గమనించింది, గమనించినట్టు తెలియనివ్వలేదు.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఫరా అమ్మానాన్నలు కాన్పుకి తీసుకెళ్ళడానికి మాచర్ల నుంచి కారులో వచ్చారు. గుల్జార్ బేగం వియ్యపురాలి ముందు పరువు తక్కువ కాకుండా అరిసెలు, జంతికలు డబ్బాలకెత్తించింది. మోయిన్ సామాను డిక్కీలో సర్దుతున్నాడు. ఫరా కారెక్కి కూర్చున్నాక, పచ్చడి జాడీ అందివ్వడానికి సైదాబీ కిటికీ దగ్గరికి వచ్చింది. మాట వినపడేంత దగ్గర్లో ఎవరూ లేరు.

"అక్కా" అంది ఫరా. ఇన్నాళ్ళకి అదే మొదటి మాట. "నేను మళ్ళీ వస్తే ఈ ఇంట్లో ఉండను. వేరే పొయ్యి పెట్టుకుంటా. నీతో కలిసి ఉండటం నావల్ల కాదు."

"మంచిది. నేనూ అదే అందామనుకున్నా."

"చీరలు మట్టిలో కుమ్మరించావు. అది నేను మర్చిపోను."

"మర్చిపోమని అడిగినానా?"

ఫరా జాడీ ఒళ్ళో పెట్టుకుంది. మూత బిగుతుగా ఉందో లేదో చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆ పిల్లోడికి పేరు ఏమన్నా అనుకున్నారా?"

సైదాబీ చెయ్యి కిటికీ అంచు మీద ఉంది. మోయిన్ డిక్కీ మూస్తే కారు ఒకసారి ఊగింది, ఆ చెయ్యి మాత్రం అక్కడే ఉంది.

"అనుకున్నాం" అంది. "నీకు చెప్పను."

ఫరా తల ఊపింది. నాన్న వచ్చి బండి తీశాడు.